స్పానిష్ ఫుడ్ ట్రక్కు దగ్గర ఏం తినాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

పలక మీద నోరు తిరగని పేర్లు, వెనుక ఆకలితో నిలబడ్డ వరుస, కిటికీలోంచి "ఏం కావాలి?" అన్న ప్రశ్న. ఆ అర నిమిషంలో తడబడకుండా ఉండటానికి పనికొచ్చే సమాచారం ఇక్కడ ఉంది. స్పానిష్ వంటలన్నీ ట్రక్కులో కుదరవు, కుదిరేవి మాత్రం రెస్టారెంటులో కంటే ట్రక్కు దగ్గరే రుచిగా ఉంటాయి. ఏది కుదురుతుందో, ఏది కుదరదో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

స్పానిష్ ఫుడ్ ట్రక్కులో సాధారణంగా ఏముంటాయి?

నూనెలో వేగేవి, రొట్టెలో పెట్టి ఇచ్చేవి. వేయించిన బంగాళాదుంప ముక్కల మీద ఎర్రటి సాస్ పోసి ఇచ్చే పతాతాస్ బ్రావాస్, లోపల మెత్తగా పైన కరకరలాడే క్రోకేతాస్, కోడిగుడ్లు, బంగాళాదుంపలతో మందంగా చేసే తోర్తియా, పొడవాటి రొట్టెలో వేయించిన స్క్విడ్ రింగులు పెట్టిన బొకదీయో, చివర్లో తీపికి చుర్రోస్. కొన్ని ట్రక్కులు పెద్ద పెనంలో వండే బియ్యం వంట పాయేయా కూడా పెడతాయి. దాని గురించి కింద విడిగా చెప్పవలసింది చాలా ఉంది.

టాకోలు, బురిటోలు, నాచోలు కూడా స్పానిష్ వంటలేనా?

కావు. టాకోలు మెక్సికోవి. బురిటోలు, నాచోలు మెక్సికో ఉత్తర భాగంలో, అమెరికా సరిహద్దు దగ్గర పెరిగినవి. మెక్సికో, స్పెయిన్ రెండు దేశాల్లోనూ మాట్లాడేది స్పానిషే అయినా వంటగదులు వేరు. మెక్సికోలో మొక్కజొన్న, మిరపకాయ, నిమ్మ ముందుంటే స్పెయిన్‌లో ఆలివ్ నూనె, వెల్లుల్లి, గోధుమ రొట్టె ముందుంటాయి. మెనూలో ఈ రెండూ కలిసి ఉన్నంత మాత్రాన ట్రక్కు చెడ్డదని కాదు, కానీ అక్కడ తోర్తియా అడిగితే ఏది వస్తుందో ముందే కనుక్కోండి. మెక్సికోది పల్చని మొక్కజొన్న రొట్టె, స్పెయిన్‌ది రెండు వేళ్ల మందం ఉన్న గుడ్డు వంట.

స్పెయిన్‌లో నిజంగా వీధిలో నిలబడి తింటారా?

నిలబడి తింటారు, కానీ ఎక్కువగా బార్ల లోపల, కౌంటరు ఆనుకుని. అక్కడ వీధి తిండి అనదగ్గవి కొన్నే ఉన్నాయి. ఊరి జాతరల్లో చుర్రోస్ వేయించే బండ్లు, చలికాలంలో చెస్ట్‌నట్ కాయలు కాల్చి కాగితపు పొట్లంలో ఇచ్చేవాళ్లు, కాదిస్ లాంటి దక్షిణపు తీర పట్టణాల్లో వేయించిన చిన్న చేపలను పొట్లం కట్టి ఇచ్చే దుకాణాలు. మాడ్రిడ్‌లో ప్లాసా మయోర్ అనే కూడలి చుట్టుపక్కల స్క్విడ్ బొకదీయో చేతిలో పట్టుకుని తింటూ నడిచేవాళ్లు కనిపిస్తారు.

ఇప్పుడు మనం చూసే అలంకరించిన ఫుడ్ ట్రక్కు పద్ధతి అమెరికాలో ఊపందుకుంది. 2008లో వంట నిపుణుడు రాయ్ చోయ్, అతని భాగస్వాములు లాస్ ఏంజెలెస్‌లో కొరియన్ టాకోల ట్రక్కు మొదలుపెట్టి, ఈ రాత్రి ఏ వీధిలో ఉంటామో ట్విటర్‌లో చెప్పడంతో ఆ పద్ధతి బాగా ప్రచారంలోకి వచ్చింది. కాబట్టి స్పానిష్ ఫుడ్ ట్రక్కు అంటే బార్ కౌంటరు మీది వంటలు చక్రాలెక్కి రావడం. అసలైనదా కాదా అని మరీ పట్టుబట్టడం ఇక్కడ అనవసరం. వేడిగా ఉందా, నూనె మంచిదేనా అన్నది చూడండి.

చాలా కారంగా ఉంటాయా?

ఉండవు. కారం ఇష్టపడేవాళ్లకు స్పానిష్ వంట మొదటి ముద్దలో చప్పగా అనిపించవచ్చు. అక్కడ ఘాటు కంటే ముందుండేది పొగ వాసన. పశ్చిమ స్పెయిన్‌లోని లా వేరా ప్రాంతంలో పండిన మిరపకాయలను ఓక్ కట్టెల పొగలో రోజుల తరబడి ఆరబెట్టి పొడి చేస్తారు. దాన్ని పిమెంతోన్ అంటారు. తియ్యనిది, మధ్యరకం, ఘాటుది అని మూడు రకాలు ఉంటాయి. ట్రక్కుల్లో తియ్యనిదే ఎక్కువగా వాడతారు. బంగాళాదుంపల మీద చల్లినా, ఆక్టోపస్ మీద చల్లినా ఆ పొగ వాసనే వంటకు వెన్నెముక.

పాద్రోన్ మిరపకాయలతో మాత్రం కాస్త జాగ్రత్త. ఇవి గలీసియా ప్రాంతపు చిన్న పచ్చి మిరపకాయలు. నూనెలో పొక్కులు వచ్చేదాకా వేయించి గరుకు ఉప్పు చల్లి ఇస్తారు. చాలావరకు తియ్యగా ఉంటాయి, మధ్యలో ఒకటి కళ్ల నీళ్లు తెప్పిస్తుంది. కొన్ని మండుతాయి, కొన్ని మండవు అని గలీసియాలో ఒక నానుడే ఉంది. ఏది మండుతుందో పైకి చూసి చెప్పలేం. గుంపుగా వెళ్లినప్పుడు తప్పక తీసుకోవలసిన ప్లేటు ఇది.

మొదటిసారి వెళ్తున్నాను. ఏం ఆర్డర్ చేయాలి?

ఇద్దరైతే ఒక ప్లేటు బ్రావాస్, ఒక ప్లేటు క్రోకేతాస్, ఒక బొకదీయో, తర్వాత చుర్రోస్. వీటిలో ఏదీ ముందుగా వేయించి ఉంచవలసిన అవసరం లేదు. క్రోకేతాస్ విషయంలో ఇది ప్రత్యేకంగా గమనించదగ్గది. వెన్న, మైదా, పాలతో చిక్కటి సాస్ కాచి, అందులో మాంసం ముక్కలో పుట్టగొడుగులో కలిపి, గంటల పాటు చల్లార్చి, ఉండలు చేసి, గుడ్డు సొనలో, రొట్టె పొడిలో దొర్లించడం వరకు శ్రమంతా ముందు రోజే అయిపోతుంది. కిటికీ దగ్గర మిగిలేది వేయించడం ఒక్కటే. ట్రక్కుకు ఇంతకంటే అనువైన వంట నాకు తోచదు. ఒకే ఒక్క హెచ్చరిక: బయటి పెంకు చల్లారినట్టు అనిపించినా లోపలి సాస్ మరుగుతూనే ఉంటుంది. మధ్యకు విరిచి ఒక నిమిషం ఆగండి.

బ్రావాస్ బాగున్నాయో లేదో ఎలా తెలుస్తుంది?

ముక్కల ఆకారం చూడండి. చేత్తో కోసినవి హెచ్చుతగ్గులుగా, మందంగా ఉంటాయి. మొదట తక్కువ వేడి మీద లోపలిదాకా ఉడికేలా, తర్వాత ఎక్కువ వేడి మీద పైన కరకరలాడేలా రెండుసార్లు వేయిస్తేనే ఆ తేడా వస్తుంది. సంచీలోంచి తీసిన సన్నని ఫ్రైస్ మీద సీసాలోని టమాటా కెచప్ పోసి బ్రావాస్ అని ఇస్తే, అక్కడ మిగతావి కూడా అలాగే ఉంటాయని అనుకోవచ్చు.

సాస్ గురించి స్పెయిన్‌లోనే తగవు ఉంది. మాడ్రిడ్‌లో చాలామంది టమాటా లేకుండా ఆలివ్ నూనె, పిమెంతోన్, కాస్త పిండి, మాంసమో కూరగాయలో ఉడికించిన రసంతో చేసేదే అసలైన బ్రావా సాస్ అంటారు. బార్సిలోనా వైపు దానికి తోడుగా అలియోలి అనే తెల్లని వెల్లుల్లి సాస్ కూడా వేస్తారు. నా ఓటు బార్సిలోనాకే. వెల్లుల్లి ఘాటు తోడైతే బంగాళాదుంపకు కొత్త ప్రాణం వస్తుంది. సాస్‌ను పక్కన చిన్న గిన్నెలో ఇమ్మని అడగండి, ఆఖరి ముక్క దాకా కరకరలాడుతుంది.

పాయేయా తీసుకోవాలా?

ట్రక్కు ముందు నిలబడ్డవాళ్లను అన్నిటికంటే ఎక్కువగా ఊరించేది, అన్నిటికంటే ఎక్కువగా నిరాశపరిచేది ఇదే. కారణం పెనంలో ఉంది. పాయేయాను వెడల్పాటి, లోతు తక్కువగా ఉన్న పెనంలో, బియ్యం పల్చని పొరగా పరిచి వండుతారు. రసం పోశాక కలపకూడదు. కలిపితే గంజి వదిలి ముద్దవుతుంది. బియ్యం ఉడకడానికి సుమారు 18 నుంచి 20 నిమిషాలు పడుతుంది. చివర్లో అడుగున బియ్యం పట్టుకుని గోధుమరంగు చెక్కులా అవుతుంది. దాన్ని సొకర్రాత్ అంటారు, పాయేయా పుట్టిన వాలెన్సియా ప్రాంతం వాళ్లు గరిటెతో గీకి మరీ తినేది దాన్నే. దించాక కాసేపు మాత్రమే ఆగి తినేయాలి.

ఇప్పుడు ట్రక్కు సంగతి ఆలోచించండి. ఒకేసారి పెద్ద పెనం వండి, సన్నని మంట మీద మూడు గంటలు వడ్డిస్తారు. మొదటి అరగంటలో తిన్నవాళ్లకు పాయేయా దొరుకుతుంది, తర్వాత వచ్చినవాళ్లకు పసుపురంగు అన్నం దొరుకుతుంది. అందుకే నేరుగా అడగండి: "ఈ పెనం ఎప్పుడు దించారు? తర్వాతిది ఎప్పుడు?" కొన్ని మంచి ట్రక్కులు పెనం దించే సమయాన్ని పలక మీదే రాసిపెడతాయి. ఆ సమయానికి వెళ్లగలిగితే తప్పక తినండి. లేదంటే ఆ డబ్బుతో ఇంకో ప్లేటు క్రోకేతాస్ కొనుక్కోండి.

రుచి ఒక్కటే కాదు, ఆరోగ్యం కూడా ఇందులో ఉంది. బియ్యంలో ఉండే బసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. గోరువెచ్చగా ఎక్కువసేపు ఉంచితే అవి పెరిగి కడుపు పాడుచేస్తాయి. పెనం నుంచి ఆవిరి రావాలి. ఆవిరి లేని పెనం ముందు నిలబడవద్దు.

పాయేయాలో చోరిసో సాసేజ్ వేస్తే తప్పా?

వాలెన్సియా వాళ్ల ముందు ఈ ప్రశ్న అడగకండి. వాళ్ల సంప్రదాయ పాయేయాలో కోడి, కుందేలు మాంసం, వెడల్పాటి పచ్చి బీన్స్, గరోఫో అనే పెద్ద తెల్ల చిక్కుడు గింజలు, టమాటా, కుంకుమపువ్వు ఉంటాయి. కొందరు నత్తలు కూడా వేస్తారు. 2016లో బ్రిటిష్ వంట నిపుణుడు జేమీ ఆలివర్ చోరిసో వేసిన పాయేయా వంటను ట్విటర్‌లో పెట్టినప్పుడు స్పెయిన్ నుంచి తిట్ల వాన కురిసింది. రొయ్యలు, ఆల్చిప్పలతో చేసేది కూడా స్పెయిన్ తీరంలో మామూలే, దానికి ఎవరూ గొడవపడరు. ఒక మాట: పాయేయా రంగంతా కుంకుమపువ్వుదే అనుకోకండి. స్పెయిన్ ఇళ్లలోనే పసుపుపచ్చని ఫుడ్ కలర్ పొడి వాడటం మామూలు. కుంకుమపువ్వు ఖరీదు తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యం ఉండదు.

నేను శాకాహారిని. నాకు ఏమైనా దొరుకుతుందా?

దొరుకుతుంది, కానీ కంటికి కనిపించినదాన్ని మాత్రమే నమ్మకూడదు. స్పానిష్ వంటలో మాంసం ముక్కగా కనిపించకుండా రసంగా, కొవ్వుగా, పొడి ముక్కలుగా దాక్కోవడం చాలా మామూలు. కూరగాయల పాయేయాను కోడి రసంతో ఉడికించి ఉండవచ్చు. శనగల కూరలో చోరిసో ముక్కలు వేసి తర్వాత తీసేసి ఉండవచ్చు. పాలకూర క్రోకేతాస్‌లో హమోన్ (ఆరబెట్టిన పంది తొడ మాంసం) తురుము ఉండవచ్చు. మాంచేగో చీజ్ గొర్రె పాలతో చేస్తారు, పాలు విరవడానికి చాలాసార్లు గొర్రెపిల్ల కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. ఇది పట్టించుకునేవాళ్లు ముందే అడగాలి.

"మాంసం ఉందా?" అని అడిగితే "లేదు" అనే వస్తుంది. "రసం దేనితో కాచారు? నూనె దేనిది? ఇదే నూనెలో చేపలు వేయిస్తారా?" అని విడివిడిగా అడగండి. మూడో ప్రశ్నకు ట్రక్కుల్లో చాలాసార్లు "అవును" అనే జవాబు వస్తుంది, ఎందుకంటే లోపల వేపుడు పాత్ర ఒక్కటే పెట్టే చోటు ఉంటుంది.

గుడ్డు తినేవారికి తోర్తియా ఉంది. గుడ్డు కూడా తినని వారికి అందాలూసియా పద్ధతిలో పల్చగా కోసి వేయించి, చెరకు పాకం తీగలా పోసి ఇచ్చే వంకాయ ముక్కలు ఉన్నాయి. ఉప్పు, తీపి కలిసిన ఆ రుచికి అలవాటు పడితే మరో ప్లేటు అడగకుండా ఉండలేరు. సెవియాలో ఇష్టంగా తినే పాలకూర, శనగల కూరలో జీలకర్ర, వెల్లుల్లి, పిమెంతోన్ ఉంటాయి. రొట్టె మీద వెల్లుల్లి, టమాటా రుద్ది ఆలివ్ నూనె పోసే కాతలాన్ (బార్సిలోనా వైపు) వంట కూడా మంచిదే, టమాటా పండినదైతేనే సుమా.

పాలు, గుడ్లు కూడా తీసుకోను. అప్పుడు?

చల్లని టమాటా సూప్ గస్పాచో, పాద్రోన్ మిరపకాయలు, అలియోలి లేకుండా బ్రావాస్ తీసుకోవచ్చు. అలియోలి సంప్రదాయంగా వెల్లుల్లి, నూనెలతోనే చేస్తారు కానీ ఇప్పుడు దొరికేదాంట్లో దాదాపు ఎప్పుడూ గుడ్డు ఉంటుంది. సల్మొరేహో అనే కార్దోబా సూప్ కూడా టమాటా, రొట్టె, నూనెలతోనే చేస్తారు. పైన మాత్రం గుడ్డు, హమోన్ ముక్కలు చల్లుతారు, అవి వద్దని చెప్పండి. చుర్రోస్ పిండిలో మామూలుగా పాలు, గుడ్లు ఉండవు, చాక్లెట్‌లో పాలు ఉండవచ్చు.

పంది మాంసం తినను. ఏవి వదిలేయాలి?

హమోన్, చోరిసో, మోర్సియా (రక్తంతో చేసే సాసేజ్), లోమో (పంది నడుము మాంసం). క్రోకేతాస్ ఏ రకమో చెప్పకుండా పెడితే అవి హమోన్‌వే అనుకోండి. స్క్విడ్, రొయ్యలు, ఆక్టోపస్, ఉప్పు చేప వంటలు తీసుకోవచ్చు. కానీ పైన చెప్పినట్టు నూనె ఒకటేనా అని అడగాలి. సాస్‌లలో వైన్, షెర్రీ పడటం కూడా అక్కడ మామూలే.

హమోన్ తీసుకోవడం విలువైనదేనా?

తినేవారైతే, అవును, కానీ రకం కనుక్కుని. హమోన్ అంటే ఉప్పు పట్టించి నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఆరబెట్టిన పంది తొడ. సెర్రానో తెల్ల జాతి పందులది, ఇబేరికో ఇబేరియా జాతి పందులది. స్పెయిన్‌లో 2014 నిబంధనల ప్రకారం ఇబేరికోకు నాలుగు రంగుల బిళ్లలు కడతారు. అన్నిటికంటే పైది నల్లది: పూర్తిగా ఇబేరియా జాతికి చెంది, ఓక్ కాయలు మేసి పెరిగిన పందిది. తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు. ట్రక్కులో నల్ల బిళ్ల హమోన్ అని చౌకగా అమ్ముతుంటే నమ్మవలసిన పని లేదు. సెర్రానో పెట్టిన మామూలు బొకదీయో నిజాయితీ గల తిండి.

తోర్తియా లోపల పచ్చిగా కారుతోంది. తినవచ్చా?

స్పెయిన్‌లో చాలామందికి అలా కారేదే ఇష్టం. కానీ పూర్తిగా ఉడకని గుడ్డుతో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి భయం ఉంది. ఈ కారణంగానే తగినంత వేడి తగలని గుడ్డు వంటలకు పాశ్చరైజ్ చేసిన గుడ్డు వాడాలని 1991లోనే స్పెయిన్ హోటళ్లకు, బార్లకు నియమం పెట్టింది. ట్రక్కు వాళ్లు ఏ గుడ్డు వాడుతున్నారో తెలియకపోతే, ఎండలో నిలబడి ఉంటే, లోపల గట్టిపడిన ముక్క అడగండి. గర్భిణులు, చిన్న పిల్లలు, వృద్ధులు కారే తోర్తియా జోలికి పోకపోవడం మంచిది.

తోర్తియాలో ఉల్లిపాయ వేయాలా వద్దా అన్నది స్పెయిన్‌లో కుటుంబాలను చీల్చగల ప్రశ్న. వేయాలి.

ఆక్టోపస్ అంటే సందేహంగా ఉంది. రబ్బరులా ఉంటుందా?

సరిగ్గా వండితే ఉండదు. ఆక్టోపస్‌ను ముందు గడ్డకట్టించి కరిగిస్తే కండరాల పోగులు తెగి మెత్తబడుతుంది, తర్వాత నెమ్మదిగా ఉడికిస్తారు. గలీసియా పద్ధతిలో కత్తెరతో బిళ్లలుగా కోసి, చెక్క ప్లేటు మీద పరిచి, ఆలివ్ నూనె, గరుకు ఉప్పు, పిమెంతోన్ చల్లి, టూత్‌పిక్‌తో తినమంటారు. మొదటి ముక్క గట్టిగా సాగితే ఉడకలేదని అర్థం, మొహమాటపడకుండా చెప్పండి.

అలర్జీలు ఉన్నవాళ్లు ఏం చూసుకోవాలి?

గోధుమ పిండి దాదాపు ప్రతి వేపుడులోనూ ఉంటుంది. కాదిస్ వైపు చేసే చిన్న రొయ్యల అప్పడాల్లో శనగపిండి ఉన్నా గోధుమ పిండి కూడా కలుపుతారు. రొమెస్కో అనే ఎర్రని సాస్‌లో బాదం లేదా హేజల్‌నట్ ఉంటుంది, చూస్తే టమాటా సాస్ అనిపిస్తుంది. ఆహోబ్లాంకో అనే తెల్లని చల్లని సూప్ ముఖ్యంగా బాదంపప్పుదే. రొయ్యలు, ఆల్చిప్పలు పడనివారు ఒకే వేపుడు పాత్ర ఉన్న ట్రక్కులో వేపుడు ఏదీ తినకపోవడమే క్షేమం. ఇది అతి జాగ్రత్త కాదు.

చుర్రోస్ గురించి చెప్పండి. ఎందుకంత పేరు?

మరిగే నీళ్లలో మైదా, ఉప్పు కలిపిన ముద్ద, అంతే. దాన్ని నక్షత్రం ఆకారపు రంధ్రం గుండా వేడి నూనెలోకి ఒత్తుతారు. ఆ ఆకారం అందానికి మాత్రమే కాదు. నున్నగా గుండ్రంగా ఒత్తితే పైపొర ముందే గట్టిపడి, లోపలి ఆవిరికి దారి లేక వేగుతూనే పేలిపోయే ప్రమాదం ఉంది. గాడులు ఉంటే వేడి సమంగా అందుతుంది, కరకరలాడే అంచులూ పెరుగుతాయి. లావుగా, మెత్తగా, లోపల గాలి గదులతో ఉండేవి పోర్రాస్. వాటి పిండిలో పొంగడానికి సోడాయో ఈస్టో వేస్తారు.

స్పెయిన్‌లో ఇవి ఉదయం పూట లేదా రాత్రంతా తిరిగి తెల్లవారుజామున ఇంటికి వెళ్లేముందు తినే వస్తువు. మాడ్రిడ్‌లోని సాన్ హినేస్ అనే చాక్లెట్ దుకాణం 1894 నుంచి నడుస్తోంది. పక్కన ఇచ్చే చాక్లెట్ తాగడానికి కాదు, ముంచుకోవడానికి. చుర్రో నిలబెడితే పడిపోకుండా ఉండేంత చిక్కగా ఉండాలి. చాలాచోట్ల మొక్కజొన్న పిండితో ఆ చిక్కదనం తెస్తారు. లోపల కారమెల్ నింపి, పైన రంగు రంగుల చక్కెర చల్లి అమ్మేవి లాటిన్ అమెరికా, అమెరికా అలవాట్లు. అవీ బాగుంటాయి కానీ పిండి రుచి ఎక్కడో పోతుంది. మొదటిసారి వట్టివే తినండి.

అయిదు నిమిషాల తర్వాత చుర్రో తోలులా సాగుతుంది. కాబట్టి మిగతావన్నీ తినేశాకే ఆర్డర్ చేయండి, ముందే తీసుకుని పక్కన పెట్టుకోవద్దు. దీపం కింద గుట్టగా పేర్చిన చుర్రోస్ కనిపిస్తే, వేడిగా వేయించి ఇవ్వగలరా అని అడగండి. ఇవ్వలేమంటే వదిలేయండి.

ట్రక్కు శుభ్రంగా ఉందో లేదో బయటి నుంచి ఎలా పోల్చుకోవాలి?

ముక్కుతో. పాత నూనె వాసన దూరం నుంచే తెలుస్తుంది, వేగిన ముక్కలు నల్లగా, చేదుగా ఉంటాయి. డబ్బు తీసుకునే చేతులే తిండి అందిస్తున్నాయా, మధ్యలో కడుక్కుంటున్నాయా చూడండి. చల్లగా ఉండవలసినవి, ముఖ్యంగా అలియోలి, సముద్రపు తిండి, గస్పాచో, ఫ్రిజ్‌లోంచి వస్తున్నాయా, లేక కౌంటరు మీదే ఉన్నాయా చూడండి. లైసెన్సు కాగితం చాలా నగరాల్లో కిటికీ దగ్గరే కనిపించేలా పెట్టాలి. మెనూ చిన్నదిగా ఉంటే మంచి గుర్తు. పాతిక రకాలు పెట్టిన ట్రక్కులో ఇరవై రకాలు ఫ్రీజర్‌లోంచే వస్తాయి.

తాగడానికి ఏం తీసుకోవాలి?

ఉంటే ఒర్చాతా. వాలెన్సియాలో చూఫా అనే చిన్న దుంపలను నానబెట్టి రుబ్బి, నీళ్లు, చక్కెర కలిపి చల్లగా ఇస్తారు. పాలలా కనిపించినా అందులో పాలు లేవు. మద్యం అమ్మే అనుమతి ఉన్న ట్రక్కులో సాంగ్రియా (పండ్ల ముక్కలు వేసిన వైన్) కంటే తింతో దే వెరానో తీసుకోండి. ఎర్ర వైన్‌లో నిమ్మ సోడా కలిపింది, తేలికగా ఉంటుంది, స్పెయిన్ వాళ్లు ఎండాకాలంలో మామూలుగా తాగేది అదే.

ఎంత ఆర్డర్ చేయాలి? ఏ సమయానికి వెళ్లాలి?

తాపా అంటే నాలుగు ముద్దలు, రాసియోన్ అంటే పూర్తి ప్లేటు, మెదియా రాసియోన్ అంటే సగం. పలక మీద ఈ మాటలు ఉంటే ఆకలిని బట్టి ఎంచుకోవచ్చు. రెండు ప్లేట్లతో మొదలుపెట్టి, అవి తిన్నాక మళ్లీ వరుసలో నిలబడటం మేలు. అన్నీ ఒకేసారి తీసుకుంటే మూడోది తినేసరికి చల్లారిపోతుంది. స్పెయిన్‌లో మధ్యాహ్న భోజనం రెండు తర్వాత, రాత్రి భోజనం తొమ్మిది తర్వాత. ట్రక్కులు మాత్రం నిలిచిన ఊరి వేళలే పాటిస్తాయి. రద్దీ మొదలైన పావుగంటకు వెళ్లండి. నూనె అప్పటికి సరైన వేడికి వచ్చి ఉంటుంది, సరుకు ఇంకా అయిపోదు.

మిగిలినవి ఇంటికి తీసుకెళ్లవచ్చా?

తోర్తియాను నిశ్చింతగా తీసుకెళ్లవచ్చు, మరునాడు ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగా రొట్టెలో పెట్టుకున్నా బాగుంటుంది. లోపల కారేదైతే వద్దు. క్రోకేతాస్‌ను ఓవెన్‌లో వేడి చేస్తే కొంత తేరుకుంటాయి, మైక్రోవేవ్‌లో పెడితే మెత్తబడి చెదిరిపోతాయి. స్క్విడ్, చుర్రోస్, బ్రావాస్ మిగిల్చి లాభం లేదు. పాయేయా అయితే రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మరునాడు ఆవిరి వచ్చేదాకా ఒక్కసారే వేడి చేసుకోండి. పొడి పెనంలో వేసి కలపకుండా వదిలేస్తే, ట్రక్కులో దొరకని సొకర్రాత్ ఇంట్లో దొరికే అవకాశం ఉంది.